పెన్ను గుర్తు దాటిన గీత

2022 వానాకాలం. అప్పుడు నేను పుంగనూరు దగ్గర ఒక పల్లె ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. సొంతూరు కుప్పం. చీము, పుండ్లు, పురుగులు ఏవి చూసినా, ఆ తర్వాత కడుపునిండా తినగలిగే మనిషిని. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఒకరోజు పొద్దున రెడ్డెమ్మ తన నాలుగేళ్ల కూతురు చందనను ఎత్తుకొచ్చింది. టమోటా తోటల్లో కూలికి పోయే మనిషి. పిల్ల పాదం మీద ఎర్రగా ఉబ్బిన సన్నటి గీత మెలికలు తిరిగి ఉంది.

"ఇది నడస్తాండాది సిస్టరమ్మా," అంది గొంతు తగ్గించి. "మొన్న మడమ కాడ ఉన్నింది. ఇప్పుడు యాడికొచ్చిందో సూడు."

చూడగానే అర్థమైంది. దీన్ని మేం లార్వా మైగ్రాన్స్ అంటాం. కుక్కల పేగుల్లో ఉండే ఒక పురుగు గుడ్లు వాటి మలంతో మట్టిలో చేరతాయి. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఒట్టి కాళ్లతో తిరిగేవాళ్ల చర్మంలో దూరతాయి. మనిషి ఒంట్లో వాటికి దారి దొరకదు. చర్మం కిందే రోజుకు కాస్త చొప్పున తిరుగుతుంటాయి.

గీత కొసన బాల్‌పెన్నుతో గుర్తు పెట్టాను. నడుస్తోందో లేదో తేల్చుకోవడానికి అదొక పద్ధతి. డాక్టరు గారు ఆరోజు మీటింగుకు మదనపల్లె వెళ్లారు. ఆయన చూడకముందు జబ్బు పేరు చెప్పకూడదని నాకు నేర్పారు.

"ఇది యాల పెడతాండావమ్మా?"

"రేపటికి గీత దీన్ని దాటుతుందేమో చూడ్డానికి. రేపు తీసుకురా."

రెడ్డెమ్మ మొహం పాలిపోయింది. బయట జనం చాలామంది ఉన్నారు. నేను తర్వాతి పేషెంటును పిలిచాను.

మరునాడు వాళ్లు రాలేదు. మూడోనాడు వచ్చారు. పాదానికి కట్టిన గుడ్డ విప్పితే, నా పెన్ను గుర్తును ఆనుకుని కాలిన పుండు. అట్లకాడ కాల్చి వాత పెట్టారు.

"ఏం చేశారమ్మా ఇది!" అని అరిచాను.

"మా ఇంటాయన పోయిన వారం తోటలో పామును కొట్టినాడు. అదే పాప కాల్లో దూరిందని మా అత్త అనింది. నేను నమ్మలేదు సిస్టరమ్మా. తెల్లారి సూస్తే గీత నీ గుర్తు దాటేసుండాది. సదువుకున్న నువ్వే దాటుతాదేమో అంటివి గదా. ఇంక నమ్మక ఏం సేసేది?"

పుండుకు అవతల, మంచి చర్మం మీద, గీత మళ్లీ మొదలై రెండు వేళ్ల మేర పోయి ఉంది. పురుగు ఎప్పుడూ కనిపించే గీత కొసకు కాస్త ముందే ఉంటుంది, అందుకే వాత దానికి తగల్లేదు. అది నాకు తెలుసు. తెలిసినా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. చర్మం కింద ఏదో మమ్మల్ని వింటున్నట్టు అందరం మాటలు తగ్గించేశాం.

డాక్టరు గారు చూసి ఆల్బెండజోల్ ఇచ్చారు. నులిపురుగులకు బళ్లో ఇచ్చే మాత్రే. వారంలో గీత మాసిపోయింది. వాత మచ్చ మిగిలింది.

చివరిసారి కట్టు మారుస్తూ పురుగు సంగతి మొదటినుంచీ చెప్పాను. రెడ్డెమ్మ అంతా విని, "ఈ మాట ఆ పొద్దే సెప్పుంటే?" అంది. నాకు సిగ్గేసింది. తప్పు నాదే అన్నాను.

ఇప్పుడు ఒంటి మీద ఏ గుర్తు పెట్టినా, ఎందుకో ముందు చెప్పి, వాళ్లచేత తిరిగి చెప్పించుకుంటాను. పల్లెవాళ్ల మూఢనమ్మకాలని తేలిగ్గా అనేస్తుంటాం. ఆ ఇంట్లో రెడ్డెమ్మ నమ్మలేదు. నమ్మించింది నేనే.