వెనక్కి నడిచే అచ్యుతరామయ్య సారు

అచ్యుతరామయ్య గారు ముందుకు నడవరు. యూనివర్సిటీలో పరుగు నేర్పే కోచ్ ఆయన. పొద్దున ప్రాక్టీసయ్యాక పిల్లల్ని వెంటేసుకుని గ్రౌండు నుంచి తార్నాక దాకా టీకి బయల్దేరతారు. పిల్లలు ముందుకు, వాళ్ళకు ఎదురుగా సారు వెనక్కి. మోకాళ్ళకు మంచిదట.

మోకాళ్ళ మాటేమో గానీ, ఆయన వీపు తగలని వస్తువు ఆ దారిలో లేదు. ఓసారి ఎస్టీడీ బూత్ లోపలికే వెళ్ళిపోయి, ఎవరో ఇంటికి ఫోను చేసుకుంటుంటే "కానివ్వండి, కానివ్వండి" అంటూ బయటికొచ్చారు.

"సార్, ఎన్క బర్రె ఉన్నది," అనేవాడు దిలీప్.

"దానికి కళ్ళు లేవుట్రా? అదే తప్పుకుంటుంది."

బర్రె తప్పుకోలేదు.

అందరూ నవ్వేవారు, స్వర్ణ తప్ప. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చిన ఆ పిల్ల వరుసలో అందరికన్నా చివర నడిచేది. ప్రాక్టీసు వల్ల రోజూ మొదటి క్లాసు పోయేది. నోట్సు అడుగుదామంటే క్లాసులో ఒక్కరూ పరిచయం లేరు. హాస్టలు చేరేసరికి మెస్సులో బల్లలు తుడిచేస్తుండేవారు. చల్లారిన ఉప్మా ఒక్కతే గోడకేసి చూస్తూ తినేది. పతకం తెచ్చిన రోజు చప్పట్లు కొట్టినవాళ్ళు మర్నాడు పలకరించలేదు. ఇంత ఊళ్ళో తన గోడు చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదు పాపం.

ఆ శుక్రవారం సంచిలో బట్టలన్నీ సర్దుకునే వచ్చింది. అందరూ టీ కొట్టువైపు తిరగ్గానే బస్టాపుకు జారుకోవాలి. వెళ్తే మళ్ళీ రాదు.

చౌరస్తాలో పక్కకు జరిగిందో లేదో, సారు టక్కున ఆగిపోయారు. వెనక నుంచి సైకిలొకటి ఆయన్ని గుద్దింది. పట్టించుకోలేదు.

"ఎక్కడికమ్మా?"

"ఇంటికి పోతున్న సార్. గీడ నాకెవ్వరు లేరు."

"సోమవారం నుంచీ నీ మొహం చూస్తున్నాను. ఇన్నాళ్ళు అడక్కపోవడం నాదే తప్పు."

"అందరి ఎన్క ఉంటి గద సార్. ఎట్ల చూసిన్రు?"

"నేను ముందుకు నడిస్తే, చివరనున్న దానివి ఎలా కనిపిస్తావమ్మా?"

దిలీప్ నోరు తెరిచాడు. "మరి మోకాళ్ళు సార్?"

"అవెప్పుడో పోయాయిరా."

ఆ పూట టీతో సరిపెట్టలేదు. స్వర్ణను మధ్యలో కూర్చోబెట్టి, క్లాసు సంగతీ మెస్సు సంగతీ అడిగి తెలుసుకుని, అందరికీ టిఫిన్లు చెప్పారు. "రేపట్నుంచి ప్రాక్టీసు గంట ముందే. ఎవరికీ క్లాసు పోకూడదు. టిఫిను కలిసే తినాలి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా స్వర్ణను గుర్రుగా చూశారు.

"నీ కోసం చీకట్లనే లేవాల్నా మేము?" అంది పక్కనే కూర్చున్న వాసంతి, తన వడ తీసి స్వర్ణ ప్లేటులో వేస్తూ.

హైదరాబాదు వచ్చాక తనను తిట్టుకునే మనుషులు దొరకడం స్వర్ణకు అదే మొదలు. భలే హాయిగా అనిపించింది.