జొన్న చేనులో లేత పిలకలు

నేను పశువుల డాక్టర్ని. ఆ ఎండాకాలం పెద్దపల్లి దగ్గరి ఒక ఊర్లో రైతులకు పాతర గడ్డి వేసుడు నేర్పిస్తున్న. పచ్చి మక్క చొప్పను ముక్కలు చేసి, గుంతలో తొక్కి, గాలి చొరకుండ కప్పిపెడితే కరువు నెలల్ల కూడ పశువులకు మేత దొరుకుతది. అందరం గుంతలో దిగి చొప్ప తొక్కుతున్నం.

అంతల పక్క చేనులకెళ్లి కేక వినబడ్డది. "గది మా అత్త గొంతు!" అనుకుంట మాతోటి తొక్కుతున్న ఒకామె ఉరికింది. ఆ కోడలి పెనిమిటి దుబాయిల ఉంటడు. ఆమె రెండు బర్లను సాదుకుంటున్నది. అవి ఆకలికి తాళ్లు తెంపుకొని, జొన్న కోసిన చేనుల వానకు మొలిచిన లేత పిలకలు మేసినయి. ఆ పిలకలు పశువులకు విషం.

నేను పోయేసరికి ఒక బర్రె నోట్ల నురగతోటి కాళ్లు కొట్టుకుంటున్నది.

"పొద్దుగాల పాలిచ్చింది సార్!" అన్నదామె.

నేను సంచిల మందు తీసేలోపే దాని ఊపిరి ఆగింది. ఈ విషం గురించి చదివిన గాని, ఇంత తొందరగ ప్రాణం తీస్తదని కండ్లార చూసుడు అదే మొదలు. పక్కనే కూలబడ్డ రెండోదాని మెడ నరానికి విరుగుడు సూది వేసిన. చాలాసేపటికి అది లేచి నిలబడ్డది.

ఆమె దాని మెడ పట్టుకొని, "బతికినదానికి రేపేం పెట్టాలె సార్?" అని అడిగింది.

గుంతల మేత మాగాలంటే ఇంకా నెలన్నర పడుతది. శిక్షణకొచ్చిన రైతులే మాపటికల్ల తలా ఒక మోపు వరిగడ్డి తెచ్చి ఆమె దొడ్లె వేసిన్రు.