షెడ్డు పక్కన కేసింగ్ పైపు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను. గొట్టంలో గాలి ఎలా కంపిస్తుందో, ఏ పొడవు దగ్గర శబ్దం పెద్దదవుతుందో ల్యాబ్‌లో ట్యూనింగ్ ఫోర్క్ పట్టుకుని నేర్చుకున్నదాన్ని. ఇనప పైపులోంచి ఏదో వినపడిందని ఎవరైనా అంటే మొదట గాలి అంటాను. కాదంటే ఎండకి ఇనుము సాగిన చప్పుడంటాను. అదీ కాదంటే లోపల తొండ దూరిందంటాను. ఈ మూడూ చూసుకున్నాకే ఇది రాస్తున్నాను.

మా పాప లాస్య నా పక్కనే నిద్రపోతోంది. మూడేళ్ళు నిండాయి. మాటలు రాలేదు.

చెవులు బాగానే ఉన్నాయి, విజయవాడలో పరీక్ష చేయించాం. పిలిస్తే తిరుగుతుంది. బిస్కెట్ కవరు చప్పుడైతే ఎక్కడున్నా వంటింట్లోకి పరుగెత్తుకొస్తుంది. మాట ఒక్కటే లేదు. కొందరు పిల్లలకి ఆలస్యమవుతుందని, వారం వారం స్పీచ్ థెరపీకి తీసుకురమ్మని డాక్టరు చెప్పారు. మా అత్తయ్యగారు వస కొమ్ము అరగదీసి రోజూ పాప నాలుక మీద రాశారు. పాప మొహం చిట్లించి మింగేసేది, అంతే.

ఊళ్ళో అది కాలక్షేపమైపోయింది. ఒక పేరంటంలో ఒకావిడ, "ఏమ్మా, మీ అమ్మాయిది ఇంకా మౌనవ్రతమేనా?" అని అడిగి, నా సమాధానం కోసం ఆగకుండా తాంబూలం అందుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో అత్తయ్యగారు ఇంకా సూటిగా ఉండేవారు. "కడుపుతో ఉన్నన్నాళ్ళూ పుస్తకం పట్టుకుని నోరు మూసుక్కూచున్నావు. పిల్ల అదే నేర్చుకుంది."

నాకు ఉన్నది ఒక్కటే ఆశ. నన్ను ఒక్కసారి అమ్మా అని పిలవాలి.

మా ఆయన నూజివీడులో ఒక కాలేజీలో లెక్కలు చెబుతారు. సెలవు రోజుల్లో పెరట్లోని రేకుల షెడ్డులో వెల్డింగ్ చేస్తారు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఫోన్లో వీడియోలు చూసి చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్నారు. ఒక వెల్డింగ్ మిషను, ఒక గ్రైండరు, పాత సామాన్ల కొట్లో కొన్న, ఇనుము బిగించే బెంచి వైసు ఒకటి. ఊడిన గేట్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, మామిడికాయలు కోసే చిక్కాల రింగులు చుట్టుపక్కల తోటల వాళ్ళు తెచ్చి పడేసేవారు. సరదాకే బాగుచేసి ఇచ్చేవారు. "ఎమ్మెస్సీ చదివి కమ్మరం చేస్తున్నాడమ్మా నా కొడుకు" అని అత్తయ్యగారు వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. అందులో గర్వమెంతో ఎగతాళెంతో నాకెప్పుడూ తెలియలేదు.

విస్సన్నపేట దగ్గర ఆయన మేనమామకి మామిడి తోట ఉంది. అక్కడ వేసిన ఒక బోరులో నీళ్ళు పడలేదు. నీళ్ళు పడని బోరులోంచి, మట్టి కూలకుండా దించిన ఇనప కేసింగ్ పైపు పైకి లాగి మరో పనికి వాడుకోవడం మా వైపు మామూలే. మావయ్య కూడా పైపు పీకించి, గుంత పూడ్పించి, ఒక ముక్క ట్రాక్టరు మీద మాకు పంపారు. దాన్ని కోసి పాపకి ఉయ్యాల స్టాండు చెయ్యాలని మా ఆయన ఆలోచన. గ్రైండరుకి వైరు బ్రష్ తగిలించి తుప్పంతా గీకారు. షెడ్డు గోడ పక్కన ఇటుకల మీద పెట్టారు. ఇద్దరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు పడుకున్నంత పొడవు, జానెడుకి కాస్త తక్కువ వెడల్పు.

కాయ కోతల రోజులు. పెరట్లో మంచం మీద మాగాయ ముక్కలు ఎండబెడుతున్నాను. వెనక నుంచి "అమ్మా" అని వినపడింది. పక్కింటి పిల్ల అనుకున్నాను. మళ్ళీ వినపడింది. తిరిగి చూస్తే లాస్య పైపు చివర గొంతుక్కూర్చుని, మొహం లోపలికి పెట్టి ఉంది.

ఉప్పు చేతులతోనే ఎత్తుకున్నాను. "ఏంటమ్మా? మళ్ళీ అను" అని ఎంత బతిమాలినా నా మొహం వైపు చూసి పెదాలు బిగించేసింది. దింపగానే పైపు దగ్గరికి వెళ్ళి, "అమ్మా" అంది.

ఆ రోజు నుంచి అక్కడ మాట్లాడేది. అక్కడ మాత్రమే. నేను వీడియో తీసి థెరపిస్టుకి చూపించాను. ఆ అమ్మాయి చాలా సంతోషించింది. "గొంతు చక్కగా ఉందండీ. తన గొంతు గుండ్రంగా తిరిగొస్తుంటే సరదాగా ఉంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది చూశారా? వింటోంది. అది మంచి లక్షణం" అంది. అత్తయ్యగారు తన వస పనిచేసిందని ఊళ్ళో చెప్పుకున్నారు.

నాకూ ఒక ఆలోచన వచ్చింది. నేను పైపు రెండో చివర కూర్చుంటే నాతోనే మాట్లాడుతుంది కదా. మర్నాడు పాప ఇటు కూర్చోగానే నేను అటు వెళ్ళి కూర్చున్నాను. "అమ్మా" అని పైపులోంచి వచ్చింది. "ఏంటమ్మా" అన్నాను.

పాప తల బయటికి తీసి నన్ను చూసింది. ఒకళ్ళ తలుపు తడితే ఇంకెవరో తీసినట్టు చూసింది. తర్వాత ఏడ్చింది. నేను లేచి వెళ్ళేదాకా ఏడుస్తూనే ఉంది.

తర్వాత మాటలు పెరిగాయి. "అమ్మా, అన్నం తిన్నా." కాసేపు ఆగి, "పప్పు." ఆ పప్పన్నం అప్పుడే నేను పెట్టి వచ్చాను. ఇంకో రోజు, "ఎంత దూరం?" అంది. ఆ మాట మేము ఎవరం నేర్పలేదు. నేను చాలాసార్లు చెవి పెట్టి చూశాను. వేడి ఇనుము చెవికి చురుక్కుమనడం, తుప్పు వాసన, గాలి హోరు. అంతే.

మా ఆయన మావయ్యకి ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారు కాబట్టి నేనూ విన్నాను.

"మావయ్యా, ఆ బోరులో ఎప్పుడైనా ఎవరైనా పడ్డారా?"

"నీళ్ళే పడలేదు, మనుషులేం పడతార్రా అల్లుడూ?" అని మావయ్య పగలబడి నవ్వారు. "పైపు నచ్చకపోతే తిరిగి పంపెయ్. దానికి దయ్యాన్ని కట్టకు."

మా ఆయన ఊరుకోలేదు. తోటకి వెళ్ళి కౌలుదారుని, కూలీలని, పైపు పీకినతన్ని అడిగొచ్చారు. పిల్ల గానీ, ఆడమనిషి గానీ, చివరికి మేకపిల్ల గానీ ఆ చుట్టుపక్కల చచ్చిపోయింది లేదు. అది నిజమేనని నేను నమ్ముతున్నాను. ఏదైనా జరిగి ఉంటే నాకు బాగుండేది, కారణమైనా దొరికేది.

ఒక ఆదివారం పొద్దున నేను వంటింట్లో ఉండగా "వస్తా" అని పాప గొంతు వినపడింది. బయటికొచ్చేసరికి పాప తల, ఒక చెయ్యి పైపు లోపల ఉన్నాయి. భుజం ఇరుక్కుంది. కాళ్ళు కొట్టుకోవడం లేదు. ఏడవడం లేదు. కాలివేళ్ళతో నేలని తన్ని ఇంకా లోపలికి వెళ్ళాలని చూస్తోంది.

మా ఆయన పచ్చడికి తెచ్చిన నువ్వుల నూనె డబ్బా తెచ్చి సందులో ఒంపారు. నేను నడుము పట్టుకుని లాగాను. చెవి గీరుకుపోయి రక్తం వచ్చింది. బయటికొచ్చాకే అరిచింది. "అమ్మా, అమ్మా" అని గొంతు చించుకుని అరిచింది. నా చంకలోనే ఉంది. రెండు చేతులూ పైపు వైపు చాపింది.

"మూసెయ్యండి" అన్నాను.

"ఒరేయ్, పిల్లకి మాటొస్తోందిరా. ఎత్తుగా ఎక్కడైనా పెట్టు గానీ మూయకు" అని అత్తయ్యగారు అడ్డం పడ్డారు. మా ఆయన నా వైపు చూశారు. నేను మళ్ళీ అదే మాట అన్నాను. ఆయన ముందు ఒక కర్రకి గుడ్డ చుట్టి ఈ చివర నుంచి ఆ చివరకి తోశారు. లోపల ఏమీ లేదు. రేకు ప్లేటు గుండ్రంగా రెండు ముక్కలు కోసి, రెండు చివరలా పెట్టి చుట్టూ వెల్డింగ్ చేశారు. ఆ వెలుగు పడకుండా పాప కళ్ళు మూసి నేను లోపల కూర్చున్నాను. చిటపట చప్పుడు ఆగేసరికి పాప ఏడుపు కూడా ఆగింది.

కొన్నాళ్ళు ఆ ప్లేటు మీద చెంచాతో కొట్టింది. చెవి ఆనించింది. తర్వాత అటు వెళ్ళడం మానేసింది.

అప్పటి నుంచి మాట లేదు. మాటే కాదు, ఇప్పుడు ఏడ్చినా గొంతు రావడం లేదు. నోరు తెరుస్తుంది, కన్నీళ్ళు కారతాయి, చప్పుడుండదు. గొంతులో లోపమేమీ లేదని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. అత్తయ్యగారు మాత్రం భోజనాల దగ్గర ప్లేట్లు పెడుతూ అంటూనే ఉంటారు. "మొగుడూ పెళ్ళాలు కలిసి నా మనవరాలి నోటికి వెల్డింగ్ పెట్టారు."

పది రోజుల కిందట ఒక మధ్యాహ్నం మా ఆయన కాలేజీకి వెళ్ళారు. పాప లోపల నిద్రపోతోంది. కరెంటు లేక అత్తయ్యగారు విసనకర్రతో విసురుతున్నారు. పైపు మీద కప్పిన గోనెపట్టా జారిపోతే సర్దడానికి వెళ్ళాను. ఎందుకో చెవి ఆనించాను.

"అమ్మా. అన్నం తిన్నా."

లోపలికి పరుగెత్తాను. పాప బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. మళ్ళీ వచ్చి విన్నాను. "పప్పు" అంది. ఆగింది. ఎవరో జవాబు చెబుతుంటే వింటున్నట్టు ఆగింది. నవ్వింది.

సాయంత్రం మా ఆయన్ని వినమన్నాను. చాలాసేపు విని, ఎండకి ఇనుము చప్పుడు చేస్తోందన్నారు. అప్పటికి ఎండ పోయి చాలాసేపయింది. ఆ రోజు నుంచి ఆయన షెడ్డు తాళం తియ్యలేదు. కోసెయ్యమంటే మాత్రం కోసేస్తానంటారు. కోస్తే పాపకి గొంతు తిరిగొస్తుందేమో. కానీ "వస్తా" అని అటు వెళ్ళబోయింది కూడా ఆ గొంతే, కోస్తే ఇటొస్తుందో అటే పోతుందో. ఏ మాటా చెప్పలేక రోజులు గడుపుతున్నాను.

గాలి కాదు, రెండు చివరలా చిల్లి లేదు. తొండ కాదు, ఇన్నాళ్ళు ఏదీ బతకదు. ఎండ కాదు. ఏమిటో నాకు తెలియదు. చదువుకున్నదంతా వెతికాను, దొరకలేదు.

నిన్న మళ్ళీ వెళ్ళాను. "అమ్మా" అని రాగానే ఉండబట్టలేక ప్లేటుకి నోరు ఆనించి, "ఏంటమ్మా" అన్నాను.

మళ్ళీ చెవి ఆనించాను. తర్వాత మెల్లగా, నా కూతురి గొంతు, "నువ్వు కాదు" అంది.

పుట్టాక నాతో అది మాట్లాడింది అదొక్కటే. రేపు మళ్ళీ వెళ్తాను.