ఏడో అడుగు

ఏడాదికొకసారి పరీక్షకు రమ్మన్న డాక్టరుతోనే బేరమాడిన మనిషిని నేను. ఛత్రినాక బజార్ల గిన్నెల దుకాణం నడిపిన బాపు బిడ్డను మరి, ఊకె ఒప్పుకుంటనా? ఆ ఘనకార్యం ఇయ్యాల పొద్దున యాదికొచ్చింది. కిడ్నీ మార్పించుకున్న మా అన్నను మూడు నెలలకోసారి చేసే పరీక్షకు తోలుకపోతే, కొత్తగా చేరిన నర్సు రోగిని నేనే అనుకొని నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. అంకె చూసింది, నా ముఖం చూసింది, మళ్లీ చుట్టింది.

అన్నకు ఆ కిడ్నీ ఇచ్చింది నేనే. తొమ్మిదేండ్లయింది. నన్ను ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టరు, నీకింక ఒక్క కిడ్నీనే మిగిలింది, బతికినన్నాళ్లు ఏడాదికోపాలి రక్తం, మూత్రం, బీపీ చూపించుకోవాలని చెప్పిండు. ఐదేండ్లకోసారి వస్తనన్న. నవ్వలే. రెండేండ్లకు దిగిన. తల అడ్డంగ ఊపిండు. లేచి నడిచిన. మా దుకాణంల చూసి నేర్చుకున్న విద్య అది. ధర కుదరని గిరాకీ మెట్లు దిగి పోతుంటే బాపు కూసున్నకాడనే అడుగులు లెక్కపెట్టేటోడు. సరిగ్గ ఏడో అడుగుకు, "రా అమ్మా, తీస్కపో" అని పిలిచేటోడు. ఆస్పత్రి వరండాల ఆ ఏడడుగులు నేను మెల్లగనే వేసిన. పిలవలే. ఫోనన్న చేస్తరనుకున్న. చేయలే. పిలవకముందే వెనుకకు పోతే బేరం ఓడినట్టే కదా. పోలే.

అన్న ఫైలు మాత్రం పిండి బస్తా లెక్క ఉబ్బింది. వదిన ఆయన కూరల ఉప్పు గింజ గింజ చూసి వేసేది. నేను పోతే మామిడికాయ తొక్కు రెండు గరిటెలు వడ్డించేది. కాళ్లు వాస్తున్నయని ఒకసారి చెప్తే అన్న, "నీకేమైతది చెల్లె? మంచిగున్నవని చూసినంకనే కదా తీసుకున్నరు" అన్నడు. సొట్ట లేని గిన్నెను ఏరుకున్నోని మాట అది. దుకాణపోళ్ల బిడ్డను, నాకూ సబబుగనే అనిపించింది.

ఇయ్యాల ఆ నర్సు ఊకోలే, నా రక్తం కూడా తీసింది. మధ్యాహ్నం కాగితం చూసిన ఆ పెద్ద డాక్టరే, ఉన్న ఒక్క కిడ్నీ సగానికి పైగా చెడిపోయిందన్నడు. బీపీ ఏండ్ల నుంచి దాన్ని లోపల్లోపలనే తిన్నదట; మొదట్ల చూస్తే గోలీలతోని ఆగేదట. ఇన్నేండ్లు ఎందుకు రాలేదని అడిగిండు.

"మీరు పిలుస్తరనుకున్న సార్."

బయట కుర్చీల అన్న కూసోని ఉన్నడు. "ఏమన్నరు? నాది మంచిగనే ఉన్నదా?"

మంచిగున్నదన్న. అబద్ధం కాదు, ఆయన ఒంట్ల ఉన్నది మస్తు పనిచేస్తున్నది. ఇంక లెక్క దాచకుండ చెప్పాలె. అన్నకు ఇచ్చింది ఒక్కటే. రెండోదాన్ని ఎవరూ అడగలే, ఎవరూ కోయలే. ఏడో అడుగు మీద నిలబడి, వెనుకనుంచి రాని పిలుపు కోసం తొమ్మిదేండ్లు పెట్టి, దాన్ని నేనే పోగొట్టుకున్న.