టెంకాయ కొట్టని నాయకుడు

మా రైతు సంఘానికి నాయకత్వం నేర్పడానికి పట్నం నుంచి ఒక సారు వచ్చాడు. పాత కథల్లోని రాజు, యోధుడు, ముని, విదూషకుడు మనందరి లోపలా ఉంటారట. సమయానికి తగినవాణ్ని నిద్రలేపినవాడే నాయకుడట. "మీలో ఎవరున్నారు?" అని అడిగితే, సంఘం అధ్యక్షుణ్ని కదా, "రాజు" అన్నాను. గది గదంతా నవ్వింది. ఊళ్లో నాకు అబద్ధాల పుట్ట అని పేరు.

రాజుకి పరీక్ష త్వరగానే వచ్చింది. మా పొలాల్లో ఒక్క ఉమ్మడి బోరే ఇంకా నీళ్లు పోస్తోంది. ఆ నీళ్లే పంచుకోవాలని, కొత్త బోరు ఎవరూ వేయకూడదని అందరం ఒట్టేసుకున్నాం. పక్క పొలం మామ ఒట్టు తప్పి బోరు లారీని పిలిచాడు. ఆయన బోరు వేస్తే ఉమ్మడి బోరు ఎండిపోతుంది, అందరి చీనీ చెట్లూ, అదే బత్తాయి తోటలన్నీ, కట్టెలవుతాయి.

రాజులా ఆజ్ఞాపించాను. "పోప్పా, పోయి నీ పెండ్లానికి చెప్పుకో" అన్నాడు మామ. యోధుడిలా గట్టు మీద తొడగొట్టాను. మోకాలు పట్టేస్తే మామే పట్టుకుని కూర్చోబెట్టాడు. మునిలా భూమి లోపలి నీళ్ల గురించి బోధించాను. బీడీ ముట్టించుకుని, "అయిపాయనా?" అన్నాడు. సారు మీద ఒళ్లు మండింది నాకు.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. మా దగ్గర బోరుకు టెంకాయ పొలం యజమాని కొట్టకూడదు, పక్క పొలంవాడే కొట్టాలి. లేకుంటే నీళ్లు పడవని నమ్మకం. అది కొట్టందే డ్రైవరు మిషన్ ఆన్ చేయడు. సంఘం అధ్యక్షుణ్నైన నా చేతే కొట్టిస్తే ఒట్టు గొడవ కూడా తీరిపోతుందని మామ ఎత్తు. కొట్టనంటే అవతలి గట్టువాణ్ని పిలుస్తాడు. టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కొడతా మామా. దానికి ముందర ఒక్క మాట. వజ్రకరూరు తావ ఒకాయన బోరేస్తే ఏమైందో తెల్సా?"

"ఏమైందన్నా?" అన్నాడు డ్రైవరు.

"పైపులు దిగతానే ఉండాయి. కడాకు కింద నుంచి ఎవురో అరిసినారు, 'యాలప్పా మా మిద్దెకు బొక్క పెడతాండావు?' అని. పాతాళంలోనూ కరువేనంట. నీళ్ల కోసం వాళ్లు మీదికి బోరేస్తాండారంట."

డ్రైవరు పగలబడి నవ్వాడు. మామ పళ్లు నూరాడు. "అల్లుడా, టెంకాయ!"

"కొడతా మామా. ఆ పాతాళం రైతు పెండ్లి కత ఒకటుండాది..."

ఎండ నెత్తికెక్కింది. డ్రైవరుకి విడపనకల్లులో తర్వాతి బోరు వాళ్ల నుంచి ఫోన్ మీద ఫోన్. చివరికి, "నీ కత తెగేటిది కాదన్నా" అని లారీ తిప్పుకుని పోయాడు.

సారుకి ఫోన్ చేసి చెప్పాను. "అద్భుతం! ఇప్పుడు మీలోని రాజును మేల్కొలపండి" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం మామ మా గుమ్మం ముందు నిలబడ్డాడు. "వచ్చే వారం మళ్లా లారీ వస్తాది. ఆ టెంకాయ నీ తావనే పెట్టుకో." రెండడుగులు వేసి ఆగాడు. "ఆ పాతాళమోనికి నీళ్లు పడినాయా?"

"ఇంకా లేదు మామా."

టెంకాయ అటక మీద పెట్టి, తల పట్టుకుని కూర్చున్నాను. వాన వచ్చేదాకా సాగాల్సిన కథ. నా దగ్గరేమో ఆ పెళ్లి వరకే ఉంది.