పుట్టి కింద చుక్కలు

అవుకు జలాశయంలో చేపలు పట్టేవాళ్ల పుట్టీలకు చిల్లు పడితే బాగుచేసే మనిషి ఒక్కడే మిగిలాడు. పుట్టి అంటే వెదురు బద్దలతో గంపలా అల్లి, గోనెపట్టా కప్పి, తారు పూసిన గుండ్రటి పడవ. ఆ చాచాకు అరవై దాటాయి, చూపు మందగించింది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నది నేనొక్కణ్ణే. ముందొచ్చినవాళ్లు ఆళ్లగడ్డ బైకు షెడ్లలో చేరిపోయారు. అక్కడ నేర్చుకునేటప్పుడే జీతమిస్తారు.

అందుకే నంద్యాలలో పడవల మరమ్మతుకు శిక్షణ పెడుతున్నారనగానే చాచా ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేర్పే పని తనకిస్తే, నేర్చుకునేవాళ్లకు భత్యం వస్తుంది, నలుగురు నిలబడతారు. ఆయన ఆశ అంతే.

అక్కడి గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు.

"పది పాసయినావా పెద్దాయనా?"

"నా చిన్నప్పుడు మా ఊరికి బడే రాల్యా."

"అట్లయితే నేర్పనీకి కుదర్దు. నేర్చుకోనీకి చేరు, దానికి చదువక్కర్లా."

నాకు ఒళ్లు మండింది. చాచా మాత్రం "ఏం నేర్పుతారో చూద్దాం పా" అని నన్నూ చేర్పించి మొదటి బెంచీలో కూర్చున్నాడు. డిప్లొమా ఉన్న కుర్రాడొకడు గోడ మీద బొమ్మలేసి, పడవ నీటిపై తేలునని మూడు రోజులు చెప్పాడు. ఆ గదిలో తాగడానికి కూడా నీళ్లు లేవు.

నాలుగో రోజు చాచా లేచాడు. "చిల్లి యాడుందో ఎట్ల కనుక్కుంటావ్ నాయనా?"

"అది సిలబస్‌లో లేదు."

ఆయన ఇంటికొచ్చేశాడు. నేను చివరిదాకా కూర్చుని పాసయ్యాను. కాగితం ప్రకారం ఇప్పుడు అవుకులో ఈ పని వచ్చింది నాకే, చాచాకు రాదు. కోపంతో ఆ కాగితం చింపబోయాను. లామినేషన్ చేసిచ్చారు, చిరగలేదు.

మర్నాడు ఎండలో ఒక పుట్టిని బోర్లించి కింద దూరాను. చిల్లి వెతికేది ఇలాగే. లోపలి చీకట్లో వెలుతురు చుక్కలా కనిపించిన చోట ఈనెపుల్ల గుచ్చితే, బయటివాడు అక్కడ తారు పూస్తాడు. ఒకప్పుడు లోపల ఆయన, బయట నేను. ఆయన కళ్లకు ఇప్పుడు చుక్కలు ఆనడం లేదు.

"ఎన్ని కనపడతాండాయప్పా?"

"మూడు, చాచా."

బయట అరచేత్తో పట్టా అంతా తడుముతున్న చప్పుడు. ఆగింది.

"పాసయినోడా, ఈడ ఇంకోటుంది. నా యేలి కింద."

వేలు తీశాడు. బద్ద పక్కన సన్నటి వెలుతురు. ఈ వేలిని ఏ ఫారంలో ఏ గడిలో రాయాలో ఆ గుమాస్తాను పట్టుకొచ్చి, పుట్టిలో ఎక్కించి, నడినీళ్లలో అడగాలనిపించింది.

"నీ తర్వాత నాకెవరు చెప్తారు చాచా?"

"మాట్లాడక ఐదోది ఎతుకు."