అవ్వ ముడి

నకిరేకల్ బస్సులో నా ఒళ్లో లాప్‌టాప్, దానికి తగిలించిన చిన్న మోటారు. మర్నాడే మా కంపెనీ కరెంటు ఆటోకు పరీక్ష. నా ప్రోగ్రాం "ఆగు" అని సందేశం పంపుతుంది. ఒక్కోసారి ఆ సందేశమే మోటారుకు చేరకుండా మధ్యలోంచి తిరిగొస్తే, మోటారు జవాబిచ్చిందని నమ్మి ఊరుకుంటుంది. మోటారేమో తిరుగుతూనే ఉంటుంది.

పక్కసీట్లో నేతపని అవ్వ ఒకామె నూలుకట్టకు ముడులు వేస్తోంది. ఎందుకని అడిగాను.

"రంగేసినంక అందరి నూలు ఒక్కతీరుంటది బిడ్డా. తిరిగొచ్చినప్పుడు నాదేదో నాకు ఎరుకవడాలె గద."

పంపే ప్రతి సందేశానికీ నేనూ ఒక గుర్తు పెట్టాను. ఆ గుర్తుతో తిరిగొచ్చింది జవాబు కాదని ప్రోగ్రాంకు చెప్పాను. అది అసలు జవాబు కోసం మళ్లీ "ఆగు" అంది. మోటారు టక్కున ఆగింది!

నా కేకకు డ్రైవర్ బస్సే ఆపేశాడు.

"ఏమైంది బిడ్డా?" అంది అవ్వ.

"గెలిచినమవ్వా!"

మా ఆటోలన్నిటిలో ఆ గుర్తుకు ఇప్పటికీ 'అవ్వ ముడి' అనే పేరు.